రాడ్డు ముక్కల బకెట్ చూసి చేరండి

టెన్త్ రిజల్ట్స్ వచ్చాక ఏటా ఇదే వరస, పెట్టె నిండా ఇనుము పని ఉత్తరాలే. వెల్డింగ్ నేర్చుకోవాలా, రాడ్ బెండింగ్‌కి పోవాలా, ఎక్కడ చేరాలి, ఎంత కట్టాలి అని. అన్నిటికీ జవాబివ్వడం కుదర్లేదు, ఒకేలాంటివి కలిపేసి ఆరు తీసుకున్నాను. ముందే ఒక మాట, మన దగ్గర "రాడ్డు" అంటే రెండు. వెల్డింగోడికి చేతిలో కాలే రాడ్డు, బెండింగోడికి స్లాబులో పడే రాడ్డు. ఏ జవాబులో ఏ రాడ్డో మీరే పట్టుకోవాలి, నేను మాత్రం ప్రతిసారీ విడదీసి చెప్పలేను.

అన్నా, నాది ఆర్మూర్ దగ్గర పల్లె. టెన్త్ పాసైన, మార్కులు అంత రాలే. వెల్డింగ్ నేర్సుకుందామనుకుంటున్న. మా మామ నిజామాబాద్ల ప్రైవేటుల మూడు నెలల కోర్సు చెయ్యమంటుండు, ఫీజు 35 వేలు. ఇంట్ల ఐటీఐ పోరా అంటున్రు. ఏది మంచిగుంటది?

తమ్ముడూ, ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ ఒక ఏడాది, ఫిట్టర్ అయితే రెండేళ్ళు. వెల్డర్‌కి ఎనిమిదో తరగతి పాసైతే చాలు, నువ్వు టెన్త్ అయ్యావు కాబట్టి మార్కుల గురించి మరీ భయపడకు. గవర్నమెంట్ ఐటీఐలో ఫీజు నామమాత్రం, చివర్లో వచ్చే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ దేశం మొత్తం చెల్లుద్ది. సీటు వస్తే నీ వయసుకి అదే నా ఓటు. కానీ ఇది గుడ్డిగా చెప్పే మాట కాదు, ఎందుకంటే పేపర్ మీద ఏడాది కోర్సు అయ్యుండి చేతికి నెల రోజుల పని కూడా అందని చోట్లు నేను చూశాను, మూడు నెలల్లో కుర్రాడి చెయ్యి నిలబెట్టేసిన ప్రైవేటు షెడ్లూ చూశాను.

కాబట్టి చేరేముందు ఒక పని చెయ్యి. పొద్దున పదకొండింటప్పుడు, క్లాసు నడిచే టైములో వెళ్ళు, ఆఫీసు రూములో కూర్చోకు, నేరుగా వర్క్‌షాప్ చూపించమను. అక్కడ రాడ్డు ముక్కలు పారేసే బకెట్ ఉంటది. అందులోకి తొంగి చూడు. కోర్సు మంచిదా కాదా అన్నది గోడ మీద ఫ్లెక్సీ కంటే ఆ బకెట్టే నిజం చెప్తది. ఖాళీగా ఉండి అడుగున తుప్పు ముక్కలు నాలుగుంటే దండం పెట్టి వచ్చేయ్. నిండుగా ఉంటే ముక్కలు పైకి తీసి చూడు, పొడుగ్గా వంకర పోయినవి ఎక్కువుంటే అది కొత్త బ్యాచ్, రాడ్డు ప్లేటుకి అంటుకుపోయి పీకినవన్న మాట, దానికేం తప్పు లేదు, అందరం అలాగే మొదలెట్టాం. అన్నీ రెండంగుళాల ముక్కలే ఉంటే అక్కడ చేతులు తిరిగిన పిల్లలున్నట్టు.

"రోజుకి ఒక్కొక్కరికి ఎన్ని రాడ్లిస్తారు సార్" అని కూడా అడుగు, సిగ్గు పడకు. మామూలు రాడ్డు ఒకటి నిమిషం, మహా అయితే నిమిషంన్నరలో కాలిపోద్ది. రోజుకి పది రాడ్లిచ్చారంటే నువ్వు ఆర్క్, అంటే రాడ్డు కొసన లేచే మెరుపు, వెలిగించింది రోజంతా కలిపి పావుగంట. మిగతా టైమంతా వేరేవాడి వెనక నిలబడి చూడటమే. ముప్పై రాడ్లిస్తే అది వేరే లెక్క. ఆ 35 వేలు అడిగిన చోట కూడా ఇదే అడుగు, నెలకి ఎన్ని రాడ్లు ఎన్ని ప్లేట్లు అని కాగితం మీద రాసిమ్మను, ఇవ్వనంటే నీకు జవాబు దొరికినట్టే. ఇంకోటి, 7018 అనే రకం రాడ్లు వేడి చేసే అవెన్ ఉందా అడుగు. ఆ రాడ్డు తేమ పీలిస్తే వెల్డు లోపల పగుళ్ళొస్తాయి, అందుకే మూడొందల డిగ్రీల పైన కాల్చి వేడివేడిగా వాడాలి. అవెన్ లేదంటే అక్కడ 6013 రకం రాడ్డు తప్ప ఇంకోటి నేర్పరు, గేట్లకీ గ్రిల్లులకీ అది చాలు, పెద్ద స్ట్రక్చర్ పనికి చాలదు.

చేరగానే వెల్డింగ్ చేతికిస్తారనుకోకు. నేను గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డులో చేరినప్పుడు మొదటి ఆర్నెల్లు చిప్పింగ్ హ్యామర్‌తో స్లాగ్, అంటే వెల్డు మీద కట్టే పెంకు, కొట్టడం, వైర్ బ్రష్, టీలు తేవడం, ఎర్త్ క్లాంప్ మార్చడం ఇంతే. అప్పుడు ఏడుపొచ్చేది గానీ స్లాగ్ కొట్టికొట్టి ఎవడి వెల్డు ఎలా ఉంటదో కంటికి అలవాటైపోయింది. పద్ధతిగా నేర్పే చోటయితే ముందు మార్కింగు, కటింగు, గ్రైండింగు, తర్వాత ప్లేటు మీద సూటిగా ఒక గీత, తర్వాత మూల అతుకులు, అప్పుడు పొజిషన్లు. ప్లేటు పడుకోబెట్టి చేస్తే 1జీ, నిలబెట్టి అడ్డంగా చేస్తే 2జీ, నిలువుగా కింద నుంచి పైకి చేస్తే 3జీ, తల మీద చేస్తే 4జీ. పైపుని 45 డిగ్రీలు వంచి కదలకుండా బిగించి చుట్టూ చేసేది 6జీ, జీతం అక్కడుంటది. మూడు నెలల్లో 6జీ అని బోర్డు పెట్టినోడి దగ్గరికి పోకు, 3జీ ప్లేటు కోసి బెండ్ టెస్ట్ చేసి చూపిస్తాడా అడుగు. వెల్డు వంచినా పగలకపోతేనే వెల్డు.

ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్ వదలకు. ఫ్యాక్టరీలో కాళ్ళు పెట్టడానికి అదే సులువైన దారి. 2019 రూల్స్‌లో ఐటీఐ పాసైనోళ్ళకి నెలకి కనీసం 7,000 స్టైపెండ్ పెట్టారు, డబ్బు తక్కువే, ఒప్పుకుంటా, అయినా నీ సొంతానికి ఎప్పుడూ కొనలేని మిషన్ల మీద ఏడాది పాటు చెయ్యి పెట్టనిస్తారు. ఇంకో సంగతి, తెలంగాణలో 65 ఐటీఐల్ని అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని పెట్టుకున్నారు, అందులో రోబోటిక్స్, సీఎన్‌సీ లాంటి కోర్సులున్నాయి, బాగుంటాయి కానీ అవి వెల్డర్ ట్రేడ్ కాదు. అప్లికేషన్‌లో ట్రేడ్ పేరు రెండుసార్లు చదివి టిక్కు పెట్టు.

అయ్యా, మాది పాలకొండ. మా అబ్బాయి వెల్డింగ్ షాపులో పని నేర్చుకుంటున్నాడు. వారానికి రెండు రాత్రులు కళ్ళు మంటలని ఏడుస్తున్నాడు, బంగాళాదుంప చక్రాలు పెడుతున్నాను, పక్కింటావిడ చనుబాలు చుక్క వేయమంది. చూపు పోతుందేమో అని భయంగా ఉంది.

అమ్మా, ముందు చనుబాలు ఆపెయ్యండి. మన పల్లెల్లో అందరూ చెప్పేదే గానీ గాయమైన కంట్లో శుభ్రం కానిదేది పడ్డా ఇన్ఫెక్షన్ రావచ్చు. బంగాళాదుంప చల్లదనానికి హాయిగా ఉంటది అంతే, దానికి బదులు కాచి చల్లార్చిన నీళ్ళలో తడిపిన శుభ్రమైన గుడ్డ కళ్ళు మూసి పైన వెయ్యండి. ఆర్క్ వెలుగులో ఉండే అల్ట్రావయొలెట్ కంటి పైపొరని కాలుస్తది, ఎండకి చర్మం కమిలినట్టే. అది అప్పుడే తెలీదు, ఆరు నుంచి పన్నెండు గంటలు పోయాక మొదలవుద్ది, అందుకే మీవాడికి అర్ధరాత్రి వస్తోంది, కంట్లో ఇసుక పోసినట్టు. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోద్ది. తగ్గకపోతే, ఒక్క కంట్లోనే ఉంటే, ఏదో గుచ్చుకున్నట్టుంటే వెంటనే కళ్ళ డాక్టరు దగ్గరికే, ఎందుకంటే అది వెలుగు కాదు గ్రైండింగు రవ్వ అయ్యుండొచ్చు. మెడికల్ షాపులో మొద్దుబారే చుక్కలు కొనొద్దు, నెప్పి తెలీకుండా చేసి కంటిని ఇంకా పాడు చేస్తాయి.

కానీ నాకు కోపం మీ అబ్బాయి మీద కాదు, వాళ్ళ మేస్త్రి మీద. వారానికి రెండుసార్లు అంటే ఆ కుర్రాడికి షీల్డ్ ఇవ్వట్లేదనే. నేర్చుకునేవాడే ఎక్కువ కాలిపోతాడు, ఎందుకంటే వెల్డింగ్ చేసేవాడు అద్దం వెనకుంటాడు, ముక్క పట్టుకున్న హెల్పర్ ఏమో మొహం పక్కకి తిప్పి కళ్ళు చిట్లించుకుంటాడు, టాక్, అంటే ముక్క కదలకుండా పెట్టే చిన్న అతుకు, వేసేటప్పుడు అసలు ఎవడూ చెప్పడు. హెల్పర్‌కి కూడా షీల్డ్ ఉండాలి, పది లేదా పదకొండో నంబరు నల్ల అద్దంతో. రంగు కళ్ళజోడు పెట్టుకుంటే చాలనుకునేవాళ్ళున్నారు, చాలదు. షాపువాడు కొనకపోతే మీరే కొనండి, దాని ఖర్చు కళ్ళ డాక్టరు ఖర్చు ముందు ఎంత. గ్రైండర్ దగ్గర ఇంకో రోగం ఉంది, గార్డు పీకేసి నాలుగంగుళాల మిషన్‌కి పెద్ద వీల్ తగిలించడం. ఆ చిన్న మిషన్ నిమిషానికి పదకొండు వేల చుట్లు దాకా తిరుగుద్ది, పెద్ద వీల్ ఆ స్పీడుకి తట్టుకోదు, పగిలిందంటే ముక్క మొహానికే వస్తది. మీవాడి షాపులో గార్డు లేని గ్రైండర్ ఉందేమో అడగండి, ఉందంటే షాపు మార్చెయ్యడమే.

ఇంకోటి కూడా చెప్పేస్తా, సాయంత్రం చలి జ్వరం వచ్చి తెల్లారేసరికి తగ్గిపోతోందా? అయితే జీఐ పైపులు వెల్డింగ్ చేస్తుండొచ్చు. పైన జింకు పూత కాలి ఆ పొగ పీలిస్తే వస్తది. పాలు తాగితే పోద్ది, బెల్లం తింటే పోద్ది అంటారు షెడ్లలో, అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళవు కదమ్మా. అతికే చోట పూత గ్రైండ్ చేసేసి, గాలి ఆడే చోట, పొగ మొహానికి రాకుండా నిలబడి చెయ్యాలి.

అన్నా మాది టెక్కలి దగ్గర. ఎనిమిదేళ్ళ నుంచి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల దగ్గర రాడ్ బెండింగ్ చేస్తున్నా. రింగులు చెయ్యడం, కట్టడం అన్నీ వచ్చు, డ్రాయింగ్ మాత్రం మేస్త్రి చూడనివ్వడు. ఇప్పుడు కొత్తగా ట్రైనింగ్‌కి పోతే ఉపయోగం ఉంటదా, సర్టిఫికెట్ ఏమీ లేదు.

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది తమ్ముడూ, మేస్త్రి ఎందుకు చూడనివ్వడో తెలుసా, ఆ కాగితమే కదా అతన్ని మేస్త్రిని చేసింది. నువ్వు మొదటి నుంచి ట్రైనింగ్ చెయ్యాల్సిన పని లేదు. వచ్చిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఉంది, ఆర్‌పీఎల్ అంటారు, బార్ బెండర్ అండ్ స్టీల్ ఫిక్సర్ అని ఆ పేరుతోనే ఇస్తారు. హైదరాబాద్‌లో హైటెక్స్ దగ్గర న్యాక్, అంటే నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, ఉంది కదా, 1998లో పెట్టింది, నిర్మాణ పనుల ట్రైనింగ్ కోసమే, ఒక ఆదివారం కాకుండా మామూలు రోజు వెళ్ళి కనుక్కో. అలాగే ఏడాదిలో 90 రోజులు పని చేసినోడు భవన నిర్మాణ కార్మికుల కార్డు తీసుకోవచ్చు, ఎనిమిదేళ్ళలో తీసుకోలేదంటే ఇప్పుడైనా తీసుకో.

డ్రాయింగ్ విషయానికొద్దాం. నీకు లెక్క వస్తే డ్రాయింగ్ సగం వచ్చినట్టే. తొమ్మిది పన్నెండు పిల్లరు తీసుకో, అంటే 230 బై 300 ఎంఎం. చుట్టూ కవరు, అంటే రింగు బయట ఉండే కాంక్రీటు, 40 పోతే నిలువు రాడ్లని చుట్టి కట్టే రింగు బయట కొలత 150, 220. నాలుగు వైపులా కలిపితే 740. కొక్కేలు రెండు, ఒక్కోటి రాడ్డు లావుకి పది రెట్లు, 8 ఎంఎం కాబట్టి 80, రెండూ 160. మొత్తం 900. ఇక్కడే చాలామంది ఆగిపోయి 900కి కోసేస్తారు. రాడ్డు వంచితే కొంచెం సాగుద్ది కాబట్టి ఆ మేరకి తీసెయ్యాలి, 90 డిగ్రీల వంపుకి లావుకి రెండు రెట్లు, 135 వంపుకి మూడు రెట్లు. రింగులో 90వి మూడు, 135వి రెండు, అంటే 48 ప్లస్ 48, 96 తీసేస్తే 804. ఇప్పుడు పన్నెండు మీటర్ల రాడ్డు తీసుకో, 900 లెక్కన పదమూడు రింగులు, 804 లెక్కన పద్నాలుగు. పది రాడ్లకి పది రింగులు మిగిలాయి. మేస్త్రికి జేబులో పెట్టుకునే రహస్యం ఇదే, ఇంతకంటే ఏం లేదు. బరువు కావాలంటే లావుని లావుతో గుణించి 162తో భాగించు, మీటరుకి కిలోలు వస్తాయి. 12 ఎంఎం అయితే 144 బై 162, దగ్గర దగ్గర 0.89, పన్నెండు మీటర్ల రాడ్డు పది కిలోల ఏడొందల గ్రాములు ఉండాలి, లారీ దిగేటప్పుడు ఒకటి తూచి చూడు ఎప్పుడైనా.

కొక్కెం 135 ఎందుకు, 90 పెడితే తొందరగా అవుద్ది కదా అంటారు కుర్రాళ్ళు. భూమి కదిలినప్పుడు పిల్లరు పైన కాంక్రీటు రాలిపోతే 90 కొక్కెం విచ్చుకుంటది, 135 లోపలి కాంక్రీటులోకి దిగి ఉంటది కాబట్టి పట్టుకుంటది. ఇది తెలిసి కట్టేవాడూ తెలీక కట్టేవాడూ ఇద్దరూ ఒకేలా కడతారు, ఇంజనీరు లేనప్పుడు మాత్రం తేడా తెలుస్తది. నువ్వు ఇంజనీరునే అడుగు, మేస్త్రిని కాదు, టీ టైములో "సార్ ఈ ఒక్క బీము చెప్పరా" అని. కొత్తగా చేరిన సైట్ ఇంజనీరు అయితే వాళ్ళకే నీ అవసరం ఎక్కువ.

అన్నా జగిత్యాల నుంచి. టెన్త్ ఫెయిల్. దుబాయ్‌ల స్టీల్ ఫిక్సర్ పని అని ఏజెంట్ లక్షా ఇరవై వేలు అడుగుతుండు, విజిట్ వీసా మీద పోయి అక్కడ మార్చుకోవచ్చంటుండు. పని అక్కడ నేర్పిస్తరంట.

వద్దు. ఈ ముక్క పెద్ద అక్షరాల్లో వెయ్యమని ఎడిటర్‌కి చెప్పాను, వేశారో లేదో.

టెన్త్ పాసవ్వలేదు కాబట్టి నీ పాస్‌పోర్ట్ ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ చెక్ కావాల్సిన రకం, గల్ఫ్ పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాల్సిందే. విజిట్ వీసా మీద పంపడమంటే దాన్ని తప్పించుకోవడం, రేపు అక్కడ జీతం రాకపోతే నీ పేరు ఏ లెక్కలోనూ ఉండదు. లైసెన్స్ ఉన్న ఏజెంటు తీసుకోవాల్సిన సర్వీస్ ఛార్జి గరిష్ఠంగా 30,000, ఆపైన జీఎస్టీ, దానికి రసీదు ఇవ్వాలి. ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఏజెంట్ పేరు వెతుకు, లేకపోతే వాడు ఏజెంటే కాదు. పద్ధతి ప్రకారం పోయేవాళ్ళకి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటది, రెండేళ్ళకి 275 రూపాయల ప్రీమియం, పది లక్షల కవరు. తెలంగాణలో టామ్‌కామ్ అని విదేశీ ఉద్యోగాలకి పంపే సంస్థ గవర్నమెంట్‌దే ఉంది, ముందు అక్కడ అడుగు.

"అక్కడ నేర్పిస్తారు" అన్నదయితే పచ్చి అబద్ధం. స్టీల్ ఫిక్సర్ అని తీసుకెళ్ళేవాడు ట్రేడ్ టెస్ట్ పెడతాడు, రాడ్డు కోసి వంచి కట్టి చూపించమంటాడు. టెస్ట్ లేకుండా తీసుకెళ్తున్నాడంటే నిన్ను హెల్పర్‌గా వేస్తాడు. ఒక ఏడాది ఇక్కడే చెయ్యి, పై జవాబులో రింగు లెక్క రాసుకో.

సార్, నేను గుంటూరు నుంచి. అమ్మాయిని, ఐటీఐలో వెల్డర్ తీసుకుందామంటే మావాళ్ళు ఫ్యాషన్ టెక్నాలజీ తీసుకోమంటున్నారు. అమ్మాయిలకి వెల్డింగ్ కుదురుతుందా?

కుదురుద్దమ్మా, రాడ్డు బరువు ఎంతని. చేతికి కావాల్సింది నిలకడ. కుదరనిది వేరే ఉంది, చాలా చిన్న షెడ్లలో ఆడవాళ్ళకి బాత్రూమ్ కూడా ఉండదు, మొదటి ఉద్యోగం ఫ్యాక్టరీ లోపల షాప్ ఫ్లోర్‌లో చూసుకో, ఊరి బయట సైటు తర్వాత. క్లాసుకి చున్నీ వద్దు, నైలాన్ పాలియెస్టర్ అసలే వద్దు, రవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటది. మందపాటి కాటన్ ఫుల్ హ్యాండ్స్, జడ లోపలికి, చీలమండ దాకా మూసుకునే తోలు బూట్లు, ప్యాంటు అంచు మడత పెట్టకు, మడతలో రవ్వలు దాక్కుంటాయి. మీ ఇంట్లోవాళ్ళని ఒకసారి ఆ వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళు, బకెట్ కూడా చూపించు.

అన్నా కొత్తగూడెం నుంచి. ఎరెక్షన్ గ్యాంగ్‌లో హెల్పర్‌గా పిలిచారు, స్టీల్ షెడ్లు పైకెక్కి బోల్టులు కట్టే పని. డబ్బులు బాగున్నాయి కానీ ఎత్తు అంటే భయం. వెల్డింగ్ మిషన్ కొనుక్కుని ఇంట్లో నేర్చుకుంటే ఎలా ఉంటదని కూడా ఆలోచిస్తున్నా.

భయం ఉంటే మంచిదే, నాకు భయం లేదు అన్నవాణ్ణే మా గ్యాంగ్‌లో పైకి పంపేవాళ్ళం కాదు. పద్ధతిగల గ్యాంగ్ అయితే కొత్తవాణ్ణి నెలల పాటు కిందే ఉంచుద్ది, బోల్టు సైజులు ఏరి ఇవ్వడం, బీముకి కట్టిన తాడు పట్టి అది గిర్రున తిరక్కుండా చూడటం, క్రేన్‌కి చేతి సైగలు. ఎక్కాక రెండు కొక్కేలున్న హార్నెస్, అంటే భుజాలకీ తొడలకీ బిగించే పట్టీలు, ఉండాలి, ఒకటి తగిలించాకే రెండోది తియ్యాలి, ఒక్క క్షణం కూడా రెండూ ఊడి ఉండకూడదు. బెల్టు నడుముకి మాత్రమే ఉండేది ఇస్తే ఎక్కకు, పడితే నడుమే విరుగుద్ది. చేరే రోజు "హార్నెస్ దేనికి తగిలించాలి" అని అడుగు. "బీముకే తగిలించుకో" అన్నాడో, దానికోసమే పైన తాడు లాగి ఉంచారో, గ్యాంగ్ ఎలాంటిదో అక్కడే తెలిసిపోద్ది. నీకు పద్దెనిమిది నిండకపోతే మాత్రం ఈ మాటే వద్దు.

మిషన్ సంగతి. చిన్న ఇన్వర్టర్ మిషన్లు దొరుకుతున్నాయి, ఇంటి కరెంటు మీద 2.5 ఎంఎం రాడ్డు 70, 80 ఆంప్స్‌లో కాలుద్ది. అయితే అది రెండు కిలోవాట్ల పైనే లాగుద్ది, మీ మీటరు లోడు ఒక కిలోవాటు అయితే ముందు దాన్ని పెంచుకో, ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించు, వానలో తడి నేల మీద నిలబడి చెయ్యకు. మిషన్ కొన్న డబ్బుతోనే పని అవ్వదు, దానికంటే రాడ్లకీ ముక్క ప్లేట్లకీ ఎక్కువవుద్ది, స్క్రాప్ కొట్టులో ఆరు ఎంఎం ప్లేటు ముక్కలు కిలో లెక్కన తెచ్చుకో. తలుపు మూసి చెయ్యకు, పొగకీ చెడ్డది, పక్కింటి పిల్లలు కిటికీలోంచి చూస్తారు, గోనెపట్టా అడ్డం కట్టు. ఇంకా ఒక ఖాళీ పెయింట్ డబ్బా పక్కన పెట్టుకుని కాలిన ముక్కలన్నీ అందులోనే వెయ్యి. అది నిండేదాకా పోయి ఎవడికీ నేను వెల్డర్‌ని అని చెప్పకు, నిండాక ఒక మూల అతుకు చేసి సగానికి విరగ్గొట్టి, విరిగిన చోటు ఫోటో తీసి నాకు పంపు, లోపల రంధ్రాలు ఉన్నాయో లేదో చూసి చెప్తా.